గొలుసు అంటే ఏ గొలుసు?

సందేహం: మాది గుంటూరు జిల్లా. తాతగారి నాటి ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ వారి పొలం కొలతల పుస్తకం) నకలులో మా పొలం గీతల మీద 435, 212 అని అంకెలు ఉన్నాయి. అవి లింకులని, అప్పట్లో గొలుసుతో కొలిచేవారని ఊళ్లో పెద్దవాళ్లు చెప్పారు. అలాంటి గొలుసు కొని ఒకసారి మేమే కొలుచుకుందామని హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే గేటుకి వేసే గొలుసులు చూపిస్తున్నారు. ఏమని అడగాలి? ‘కొలగొలుసు’ అనొచ్చా? క్రాస్ స్టాఫ్, యారో, ఆఫ్‌సెట్ అనేవాటికి తెలుగు మాటలు ఉన్నాయా?

సమాధానం: కొలగొలుసు తప్పు మాట కాదండి. కొలకర్ర ఉన్నప్పుడు కొలగొలుసు ఉండొచ్చు, సమాసం బాగానే కుదిరింది. కానీ ఆ మాట అమ్మేవాళ్ల నోటా లేదు, కొలిచేవాళ్ల నోటా లేదు కాబట్టి దాంతో మీ పని జరగదు. పొలంలో ఉన్నంతసేపూ ‘గొలుసు’ ఒక్కటే చాలు, ‘గొలుసు పట్టారు’, ‘గొలుసు లాగారు’ అంటే పల్లెల్లో ఎవరికైనా తెలుస్తుంది. షాపులో మాత్రం ‘సర్వే చైను’ అనండి. రెండూ తెలుగువాళ్లు వాడే మాటలే, ఒకటి మంచిదీ ఇంకొకటి చెడ్డదీ అని నేను అనను.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది, అది చెప్పకపోతే మీరు డబ్బు పెట్టి తప్పు గొలుసు కొంటారేమోనని నా టెన్షన్. గొలుసు అనే మాట ఒక్కటే గానీ ఆ పేరుతో తిరిగిన వస్తువులు చాలా ఉన్నాయి.

మీ నకలులోని లింకులు గంటర్ గొలుసువి. ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు 1620 ప్రాంతంలో రూపొందించాడు. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు, అంటే ఒక్కో లింకు 7.92 అంగుళాలు. ఈ వింత లెక్క ఎందుకంటే, పది చదరపు గొలుసులు సరిగ్గా ఒక ఎకరం అవుతాయి. అలాగే వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. లింకుల్లో కొలిచి గుణించి మూడు అంకెలు వెనక్కి జరిపితే సెంట్లు వచ్చేస్తాయి, భాగహారం అవసరమే లేదు. పాత సర్వేయర్లు పొలం గట్టు మీదే లెక్క తేల్చేసేవారంటే దాని వెనక ఉన్న సౌలభ్యం ఇదే.

ఇప్పుడు షాపులో మీరు ‘వంద లింకుల గొలుసు’ అని అడిగారనుకోండి, అక్కడే మోసపోతారు. అమ్మేవాడు మోసం చేయడు, మాటే మోసం చేస్తుంది. మెట్రిక్ పద్ధతి వచ్చాక తయారైన 20 మీటర్ల గొలుసులో కూడా వంద లింకులే ఉంటాయి, ఒక్కోటి 20 సెంటీమీటర్లు. గంటర్ లింకు 20.1168 సెంటీమీటర్లు. చేతిలో పట్టుకుని చూస్తే తేడా కనిపించదు. కానీ మీ 435 లింకుల గీతని మెట్రిక్ గొలుసుతో గుర్తు పెడితే 87 మీటర్ల దగ్గర రాయి పడుతుంది, నిజానికి పడాల్సింది 87 మీటర్ల 51 సెంటీమీటర్ల దగ్గర. అర మీటరు తేడా, గట్టు దగ్గర మాటామాటా పెరగడానికి అది చాలు. విస్తీర్ణంలో అయితే సరిగ్గా ఎకరం ఉన్న పొలం ఈ గొలుసుతో కొలిస్తే ఎకరం మీద ఒక సెంటు పైచిలుకు, సుమారు 57 గజాలు, ఎక్కువ చూపిస్తుంది. మీ భూమి పెరిగిందనీ, పక్కవాళ్లు కలుపుకున్నారనీ లేనిపోని అనుమానాలన్నీ ఇలాంటి చోటే పుడతాయి.

రెంటినీ గుర్తుపట్టడం తేలికే. గంటర్ గొలుసుకి ప్రతి పది లింకులకీ ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతుంది, బిళ్లకి ఒక పన్ను ఉంటే పది, రెండు పళ్లు ఉంటే ఇరవై, అలా నాలుగు దాకా వెళ్లి సరిగ్గా మధ్యలో గుండ్రటి బిళ్ల వస్తుంది, అక్కడి నుంచి రెండో కొస వరకూ అదే వరస తిరగబడుతుంది. మెట్రిక్ గొలుసులో బిళ్లలు ఐదు మీటర్లకొకటి, మధ్యలో మీటరు మీటరుకీ చిన్న ఇత్తడి రింగు. పిడి మీద పొడవు చెక్కి ఉంటుంది, అది కూడా చూడండి.

తెలంగాణ పాఠకులకి ఇక్కడ ఒక మాట. మీ దగ్గర ఎఫ్‌ఎంబీకి బదులు టిప్పన్ అనే కొలతల కాగితం ఉంటుంది, అందులోని గొలుసు 66 అడుగులది కాదు, 33 అడుగులది. దాన్ని పదహారు భాగాలు చేసి ఆణాలు అన్నారు, రూపాయికి పదహారణాలు కదా, ఆ లెక్కే. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉంటే గుంట, అంటే 121 గజాలు, అలాంటివి నలభై అయితే ఎకరం. టిప్పన్‌లోని ‘5 గొలుసుల 8 ఆణాలు’ అంటే 181.5 అడుగులు. దాన్ని కోస్తా లెక్కలో చదివితే పొలం పొడవు రెట్టింపు అయిపోతుంది. ఒకే తెలుగు మాట రెండు ప్రాంతాల దస్తావేజుల్లో రెండు పొడవులు చెబుతోంది కాబట్టి, హైదరాబాదులో ఉండి రెండు వైపులా భూములు చూసుకునేవాళ్లు దీన్ని గుర్తు పెట్టుకోవాలి.

ఇవి కాక ఇంజినీర్లు వాడిన వంద అడుగుల గొలుసు వేరే ఉంది. 1802లో విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర దేశపు మహా సర్వేకి మొదటి ఆధార రేఖ కొలిచింది కూడా వంద అడుగుల ఉక్కు గొలుసుతోనే, కానీ దానికి లింకులు నలభై, ఒక్కోటి రెండున్నర అడుగులు. అంతకు చాలా ముందు మన శాసనాల్లో పొలం కొలతకి గొలుసు లేదు, ‘గడ’ ఉంది, అదీ చోటుని బట్టి మారేది. కొలిచే వస్తువు పేరు చెప్పగానే పొడవు కూడా చెప్పాలన్నది అప్పటి నుంచీ ఉన్న అవసరమే.

ఇక ఎక్కడ దొరుకుతుందన్నది. హార్డ్‌వేర్ షాపులు వదిలేయండి. పాలిటెక్నిక్‌లలో సివిల్ డిప్లొమా పిల్లలకి చైన్ సర్వే ప్రాక్టికల్ ఉంటుంది, వాళ్ల ల్యాబులకి సామాను ఇచ్చేవాళ్లని అడగండి, 20, 30 మీటర్ల గొలుసులు వాళ్ల దగ్గర ఉంటాయి. ఉత్తరాదిలో రూర్కీ, అంబాలా ఈ పరికరాల తయారీకి పేరున్న ఊళ్లు. అక్కడికి ఫోన్ చేస్తే హిందీలో ‘జరీబ్’ అంటే వెంటనే పోల్చుకుంటారు. (అమరావతి వైపు ‘జరీబు భూమి’ అంటే నీటి వసతి ఉన్న మంచి నేల, దాన్నీ దీన్నీ కలపకండి.) అసలైన గంటర్ గొలుసు కావాలంటే పాత సామాను అమ్మేవాళ్ల దగ్గరో, రిటైరైన సర్వేయర్ల ఇళ్లలోనో వెతకాలి. దొరికినా అలాగే వాడకండి. ఏళ్ల తరబడి లాగిన గొలుసు రింగులు అరిగి సాగుతుంది, ముళ్లకంపల్లో పడి లింకులు వంగితే పొట్టిదవుతుంది. చదును నేల మీద మంచి స్టీలు టేపుతో 20 మీటర్ల 11.7 సెంటీమీటర్లకి రెండు మేకులు కొట్టి, గొలుసుని వాటి మధ్య సరిచూసి అప్పుడు పొలానికి తీసుకెళ్లండి.

నిజం చెప్పాలంటే మీ అవసరానికి ఆ స్టీలు టేపే చాలు. లింకుల అంకెని 0.201168తో గుణించండి, మీటర్లు వస్తాయి. గొలుసు మీద మనసుంటే కొనండి, నాకూ అది ఇష్టమైన వస్తువే, కానీ అది లేనంత మాత్రాన కొలత ఆగదు.

మిగతా మాటలు. ఆఫ్‌సెట్ అంటే గొలుసు వేసిన గీత నుంచి పక్కనున్న గట్టు మూలకి లంబంగా కొలిచిన దూరం. దీనికి కొత్త సంస్కృత పదం తయారు చేయొద్దని నా అభిప్రాయం, కాగితం మీదా, సర్వేయర్ నోటా ఉన్నది ఆఫ్‌సెట్టే. యారోని ‘బాణం’ అని అనువదించకండి, అది గొలుసు కొస పడిన చోట నేలలో గుచ్చే ఇనప పుల్ల, ఎన్ని గొలుసులు అయ్యాయో వాటిని ఏరి లెక్కపెడతారు, తెలుగులో చెప్పాలనుంటే ‘గుర్తు పుల్ల’ అనండి. క్రాస్ స్టాఫ్ అంటే కర్ర మీద బిగించిన చట్రం, ఒకదానికొకటి లంబంగా ఉన్న సందుల్లోంచి చూసి లంబం పడే చోటు పట్టుకుంటారు. అది దొరక్కపోతే టేపుతో 3, 4, 5 మీటర్ల త్రిభుజం వేయండి, లంబం అదే వస్తుంది.

కొలిచాక తేడా కనిపిస్తే మీ కొలత చట్టం ముందు చెల్లదు, మండల సర్వేయర్ వచ్చి హద్దులు చూపించాల్సిందే. ఆ దరఖాస్తుకి మాత్రం ‘సరిహద్దు నిర్ధారణ వినతి’ లాంటి పేర్లు పెట్టకుండా, గ్రామ సచివాలయంలో అందరూ అనే ‘ఎఫ్ లైన్ పిటిషన్’ అనే మాటే వాడండి.