పాఠకుల ప్రశ్నలు: ఉపగ్రహం చెప్పే ఎత్తులు, మన పొలం వాలు

ఈ నెల అందిన ఉత్తరాల్లో నాలుగు నేల ఎత్తుల డేటాకు సంబంధించినవే. మొదటి ప్రశ్న అడిగిన రైతు డబ్బు ఖర్చుపెట్టడానికి సిద్ధంగా ఉన్నారు కాబట్టి దానికి కొంత విపులంగా సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కల్యాణదుర్గం ప్రాంతం. గుట్ట పాదంలో 12 ఎకరాల ఎర్రనేల ఉంది. మా అబ్బాయి ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తుల డేటాను దించుకుని, క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో అర మీటరు తేడాతో కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) గీసి, పంట కుంట తవ్వవలసిన చోటును గుర్తు పెట్టాడు. ఆ గుర్తు మీద జేసీబీని దించవచ్చునా?

జవాబు: ఇప్పుడే దించకండి. మీ అబ్బాయి చేసిన పని వృథా కాదు, కానీ ఆ డేటా ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో ఆ ప్రశ్నను మాత్రమే దాన్ని అడగాలి. మీ చేనులోకి నీరు ఎక్కడి నుంచి, ఎంత విస్తీర్ణం నుంచి వస్తుందో అది చెప్పగలదు. చేనులో ఏ మూల పల్లంగా ఉందో అది చెప్పలేదు.

కారణం లెక్కలోనే ఉంది. ఉచితంగా దొరికే డేటాలో నేలను సుమారు 30 మీటర్ల గడులుగా విభజించి, గడికి ఒక్క ఎత్తు చొప్పున ఇస్తారు. ఒక గడి అంటే దాదాపు 900 చదరపు మీటర్లు, మన లెక్కలో 22 సెంట్లు. మీ 12 ఎకరాల్లో అలాంటివి 54 గడులు పడతాయి, అంటే మీ పొలం గురించి ఆ డేటాకు తెలిసింది 54 అంకెలు మాత్రమే. మీ అబ్బాయి కంప్యూటరులో చూస్తున్న నున్నని వంపుల కాంటూర్లు ఆ అంకెల మధ్య సాఫ్ట్‌వేర్ ఊహించి కలిపిన గీతలు. పైగా ఆ అంకెల్లోనూ తప్పు ఉంటుంది. ఐరోపా వారి కోపర్నికస్ డేటా ఇప్పుడు ఉచితంగా దొరికేవాటిలో మేలైనదని నా అభిప్రాయం. దానిలోనైనా నూటికి తొంభై ఎత్తులు 4 మీటర్ల లోపు తప్పుతో ఉంటాయన్నదే తయారుచేసినవారి హామీ. సాధారణ వాలు నేలలో పక్కపక్క స్థలాల మధ్య ఎత్తు తేడాకు వారు చెప్పే హద్దు 2 మీటర్లు. అటువంటి అంకెల మీద అర మీటరు కాంటూరు గీయడం తప్పుదారి పట్టిస్తుంది. 10 మీటర్ల కాంటూరు గీస్తే దాన్ని నమ్మవచ్చు.

ఒకవేళ మీ అబ్బాయి దించుకున్నది 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజులపాటు భూమి చుట్టూ తిరుగుతూ రాడారుతో కొలిచిన ఎస్ఆర్‌టీఎం డేటా అయితే మరో చిక్కు ఉంది. సాధారణంగా దించుకునే ఫైళ్లలో ఆ ఎత్తులను పూర్తి మీటర్లుగా సవరించి ఇచ్చారు. మీ ఎర్రనేల వాలు నూటికి ఒకటి అనుకుంటే గడికి గడికి మధ్య తేడా 30 సెంటీమీటర్లే. ఆ తేడా పూర్తి మీటర్లలో కనిపించదు కాబట్టి, మూడు నాలుగు గడులు ఒకే ఎత్తులో సమతలంగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా ఒక మీటరు మెట్టు దిగినట్టు వస్తుంది. ఆ మెట్టు దగ్గర సాఫ్ట్‌వేర్ చూపించే పల్లం మీ చేనులో లేని పల్లం.

ఇక ఆ డేటా బాగా చేయగలిగిన పని చూద్దాం. కల్యాణదుర్గానికి 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77 డిగ్రీల తూర్పు రేఖాంశం నైరుతి మూలగా ఉన్న పలక (డేటా ఫైలు) సరిపోతుంది. దాన్ని దించుకోగానే డిగ్రీల నుంచి మీటర్లలోకి మార్చాలి. 78 డిగ్రీలకు పడమరన ఉన్నారు కాబట్టి భూమిని నిలువు పట్టీలుగా విభజించి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో మీది 43వ మండలం. తెలుగు నేలలో ఎక్కువ భాగానికి వర్తించే 44 కాదు. ఇలా మార్చకుండా వాలు లెక్కిస్తే అడ్డు కొలత డిగ్రీల్లో, నిలువు కొలత మీటర్లలో ఉండి చదునైన మైదానం కూడా కొండచరియలా కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవారిలో ఎక్కువమంది ఇక్కడే తడబడతారు. తర్వాత డేటాను మీ పొలం హద్దుకు కత్తిరించకండి. గుట్ట శిఖరం దాటి అవతలి వాలు కూడా కొంత కలిసేటట్టు నాలుగైదు కిలోమీటర్ల మేర ఉంచండి. హద్దుకు కత్తిరిస్తే ఎగువ నుంచి వచ్చే నీరంతా లెక్కలోంచి పోతుంది.

నీటి ప్రవాహపు దిశను లెక్కించే ముందు సాఫ్ట్‌వేర్ డేటాలోని గుంటలను పూడ్చేస్తుంది. చాలా గుంటలు కొలతలో దొర్లిన తప్పులే కాబట్టి అది అవసరమైన పని. అయితే రాయలసీమలో ఎగువన నిజమైన కుంటలు, పాత చెరువులు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని కూడా పూడ్చి, నీరు వాటి మీదుగా నేరుగా మీ చేనులోకి పారుతున్నట్టు చూపిస్తుంది. ఆ కుంట నిండి అలుగు పారితే తప్ప దాని ఎగువ నీరు మీకు రాదు. అందువల్ల పరీవాహక ప్రాంతం గీసిన తర్వాత దాన్ని ఉపగ్రహ ఛాయాచిత్రం మీద పరచి, మధ్యలో ఉన్న ప్రతి కుంట ఎగువ భాగాన్నీ కుంట పరిమాణం లెక్కలోంచి తీసివేయండి.

ఆ తీసివేత తర్వాత 6 హెక్టార్లు మిగిలిందని అనుకుందాం. ఒక గట్టి వానకు 50 మిల్లీమీటర్లు పడి, అందులో ఐదో వంతు నేల మీద పారిందనుకుంటే 600 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు గల కుంటను గోడలు నిలువుగా ఉన్నాయనుకుని 200 ఘనపు మీటర్లని చెబుతారు. గట్టు జారకుండా ఒకటికి ఒకటి వాలు తీస్తే అందులో నిజంగా నిలిచేది 130 ఘనపు మీటర్లే. ఒక్క వానకు అంతకు నాలుగు రెట్లకు పైగా నీరు వస్తుంది కాబట్టి, మీరు ముందుగా ఆలోచించవలసింది అలుగు గురించి. పరీవాహక ప్రాంతం లెక్క నూటికి ఇరవై పాళ్లు అటూ ఇటూ అయినా ఈ నిర్ణయం మారదు. అందుకే ఎగువ విషయంలో ఈ డేటాను నేను నమ్ముతాను.

నేను నమ్మి దెబ్బతిన్న సందర్భం కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట సీమలోనే ఒక పల్లెలో ఇలాంటి పనికి సలహా ఇవ్వడానికి వెళ్లాను. నా పటంలో వంక మొదలు పొలానికి పడమటి వైపున ఉంది; అక్కడే కొయ్య పాతించాను. ఆ చేను సొంతదారైన పెద్దావిడ ఏమీ అనకుండా నన్ను తూర్పు వైపు కంచె దగ్గరికి తీసుకువెళ్లింది. ముళ్లకంపలకు మోకాలి ఎత్తున వేరుశనగ కట్టె, ఎండుటాకులు, ఒక ప్లాస్టిక్ సంచి ముక్క చిక్కుకుని ఉన్నాయి. అన్నీ ఒకే దిక్కుకు వాలి ఉన్నాయి. పోయిన వానకు నీళ్లు పోయిన దారి అదని చెప్పింది. ఎగువన పొలాల మధ్య బండ్ల బాటను ఎత్తు చేసినప్పటి నుంచి వంక నీరు అటు మళ్లిందట. రెండడుగుల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న బాట 30 మీటర్ల గడిలో కనిపించే అవకాశమే లేదు. ఆ రోజు నుంచి కంచెలు చూడకుండా నేను ఏ పటానికీ ఆమోదం తెలపలేదు.

కాబట్టి మీ అబ్బాయి గుర్తు పెట్టిన చోటి చుట్టూ ఒక ఎకరం మేర నేలను నిజంగా కొలిపించండి. లెవెల్ మిషన్, కొలత కర్ర (స్టాఫ్) ఉన్న సర్వేయరు దొరికితే 5 మీటర్లకు ఒకటి చొప్పున ఎత్తులు తీసుకోవడం ఒక పూట పని. దొరకకపోతే మేస్త్రీలు వాడే నీళ్ల పైపు చాలు. పైపులో గాలి బుడగ లేకుండా చూసుకుంటే అది సెంటీమీటరు తేడాను కూడా పట్టిస్తుంది.

ప్రశ్న: అమలాపురం దగ్గర మా కొబ్బరి తోట పక్కన ఇల్లు కట్టుకోవాలని ఉంది. ఎత్తుల పటంలో మా తోట చుట్టుపక్కల వరి చేల కంటే చాలా ఎత్తుగా కనిపిస్తోంది. మెరక తోలించే ఖర్చు తప్పిందనుకోవచ్చా?

జవాబు: అనుకోవద్దు. ఆ ఎత్తులో చాలా భాగం కొబ్బరి చెట్లది. రాడారు కిరణం తోట మీద పడినప్పుడు ఆకుల గుబురు నుంచి కొంత, మధ్యలోంచి కొంత తిరిగివస్తుంది. అందువల్ల నమోదయ్యే ఎత్తు నేలదీ కాదు, చెట్టు కొనదీ కాదు, రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. పక్కన వరి చేలో మాత్రం దాదాపు నేల ఎత్తే వస్తుంది. అందుకే కోనసీమ పటంలో ప్రతి తోటా ఒక దిబ్బలా లేచి కనిపిస్తుంది. చెట్లనూ కట్టడాలనూ తీసివేసి నేలను అంచనా కట్టిన ఫాబ్‌డెమ్ అనే డేటాను బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వారు 2022లో వెలువరించారు. అది కోపర్నికస్ డేటా మీదే ఆధారపడింది. వరద ఏ వైపు నుంచి వస్తుందో స్థూలంగా చూడడానికి అది మెరుగు. కానీ ఇంటి పునాదికి అది కూడా పనికిరాదు, ఎందుకంటే డెల్టాలో అడుగు, రెండడుగుల తేడాలే ఇంట్లోకి నీళ్లు వస్తాయో రావో తేలుస్తాయి.

మీ ఊళ్లో 1986 ఆగస్టు వరద ఎంతవరకు వచ్చిందో చూసినవారు ఇంకా ఉంటారు. 2022 జులై వరద గుర్తులైతే గోడల మీదే ఉండవచ్చు. గుడి గోడ మీదో బడి అరుగు మీదో పెద్దలు చూపించిన గుర్తు దగ్గర మొదలుపెట్టి, లెవెల్ మిషన్‌తో మీ స్థలం దాకా ఎత్తు తీసుకురండి. ఒకరి మాట మీద కాకుండా కనీసం మూడు గుర్తులు చూడండి. ఆ మట్టానికి ఎంత పైన బేస్‌మట్టం ఉంచాలో మీ ఇంజనీరు గారితో కూర్చుని నిర్ణయించుకోండి.

ప్రశ్న: నేను హైదరాబాద్ ఉప్పల్ ప్రాంతంలో ఇంజనీరింగ్ విద్యార్థిని. మా స్థలంలో డ్రోన్ సర్వే చేసినవారు ఇచ్చిన ఎత్తులు 440 మీటర్ల దగ్గర ఉన్నాయి. కోపర్నికస్ డేటాలో అదే స్థలం 516 అని ఉంది. ఎవరిది తప్పు?

జవాబు: ఎవరిదీ తప్పు కాకపోవచ్చు. జీపీఎస్ భూమిని ఒక నున్నని గణిత రూపంగా, అంటే ఎలిప్సాయిడ్‌గా తీసుకుని దాని మీది ఎత్తును చెబుతుంది. మనం వాడుకలో చెప్పే ఎత్తు సగటు సముద్రమట్టం మీద, అంటే జియాయిడ్ మీద కొలిచినది. కోపర్నికస్ ఇచ్చేది కూడా ఇదే. భూమి లోపలి బరువు అన్నిచోట్లా ఒకేలా లేనందువల్ల ఈ రెండూ కలవవు. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో జియాయిడ్ ఎలిప్సాయిడ్ కంటే సుమారు 106 మీటర్లు కిందికి దిగి ఉంది. ప్రపంచంలో అన్నింటికంటే లోతైన పల్లం అదే. దాని ప్రభావం మన నేల కింద కూడా ఉంది. హైదరాబాద్ దగ్గర ఈ తేడా దాదాపు 76 మీటర్లు, మీరు రాసిన రెండు అంకెల మధ్య ఉన్నది కూడా అంతే. డ్రోన్ సర్వే వారిని ఎత్తులు దేని మీద కొలిచారో రాతపూర్వకంగా అడగండి. హైదరాబాద్ జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి భువన్ వెబ్‌సైటు నుంచి కార్టోశాట్-1 ఉపగ్రహపు ఎత్తులు దించుకున్నవారికి తీరప్రాంతం పదుల మీటర్ల మైనస్‌లో కనిపించి కంగారు కలిగించేది కూడా ఈ ఎలిప్సాయిడ్ లెక్కే. డ్రెయిన్ల వాలు, రోడ్డు మట్టం లెక్కించే పటంలో ఈ రెండు రకాల ఎత్తులూ కలిస్తే కట్టడం చెడుతుంది కాబట్టి పటం మూలలో ఆధార మట్టం పేరు తప్పక రాయండి.

ప్రశ్న: కరీంనగర్ జిల్లా మా ఊళ్లో గ్రానైట్ కోసం గుట్టను తవ్వుతున్నారు. ఎంత తవ్వారో ఇంటి దగ్గర కూర్చుని తెలుసుకునే వీలుందా?

జవాబు: తవ్వకం పెద్దదైతే స్థూలంగా ఉంది. ఎస్ఆర్‌టీఎం 2000 ఫిబ్రవరి నాటి నేల. కోపర్నికస్‌కు ఆధారమైన కొలతలు 2011, 2015 మధ్య తీసుకున్నవి. రెండింటినీ ఒకే గడుల మీదకు తెచ్చి ఒకదాన్ని మరొకదానిలోంచి తీసివేస్తే మధ్యకాలంలో తరిగిన గుట్ట కనిపిస్తుంది. 2015 తర్వాతి తవ్వకం ఇందులో రాదు. గుంతలో నీరు నిలిచి ఉంటే రాడారు నీటి మట్టాన్నే చూస్తుంది కాబట్టి అసలు లోతు కంటే తక్కువ వస్తుంది. తీసివేసే ముందు గుట్టకు దగ్గర్లో ఎవరూ తవ్వని, చెట్లు లేని మైదానంలో రెండింటి తేడా ఎంత వస్తుందో చూడండి. రెండు డేటాల సముద్రమట్టపు నమూనాలు వేరు కాబట్టి అక్కడ కూడా కొంత తేడా ఉంటుంది; దాన్ని ముందు సరిచేయాలి. అలా చేసిన తర్వాత పది మీటర్లకు మించి, పది పన్నెండు గడుల మేర ఒకేచోట తరుగుదల కనిపిస్తే అది నిజమైన తవ్వకమని అనుకోవచ్చు. ఒకటి రెండు గడుల్లోని తేడాను పట్టించుకోవద్దు. అధికారులకు అర్జీ పెట్టేటప్పుడు ఈ పటంతోపాటు రెండు డేటాల పేర్లు, వాటి సంవత్సరాలు, మైదానంలో మీకు వచ్చిన తేడా రాసి, తాజా డ్రోన్ కొలత జరిపించమని కోరండి. ఘనపు మీటర్ల లెక్క ఆ కొలతతోనే తేలుతుంది.