ఏ నెలకు ఏ ఊరు: పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామంది ఊరి పేరు రాసి "వెళ్లొచ్చా?" అని అడిగారు. ఏ నెలలో వెళ్తున్నారో మాత్రం రాయలేదు. నర్సీపట్నం చుట్టుపక్కల బళ్లలో భూగోళం పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, నెల తెలియకుండా నేను జవాబు చెప్పలేను. అందుకే నెల రాసినవాళ్ల ప్రశ్నలే ముందు తీసుకున్నాను. మిగతావాళ్లు ఒక కార్డు ముక్క రాయండి, వచ్చే సంచికలో చూద్దాం.

*

ప్రశ్న: దసరా సెలవుల్లో మబ్బుల సముద్రం చూద్దామని పిల్లలతో వంజంగి వెళ్లాం. తెల్లవారుజామునే లేచి కొండెక్కితే వాన తప్ప ఏమీ కనబడలేదు. పిల్లలు ఏడుపు ముఖాలతో దిగారు. డిసెంబరులో లంబసింగి వెళ్తే మంచైనా చూడగలమా?
– ఓ ఉద్యోగిని, విజయవాడ

జవాబు: చూడగలరమ్మా. వంజంగి కూడా మళ్లీ చూడండి, దాని మీద మనసు విరుచుకోకండి.

దసరా ఒక్కో ఏడు సెప్టెంబరు చివర్లోనే వచ్చేస్తుంది. నైరుతి రుతుపవనాలు మన రాష్ట్రం నుంచి పూర్తిగా తప్పుకునేసరికి మామూలుగా అక్టోబరు సగం దాటుతుంది. ఆ వెంటనే బంగాళాఖాతంలో అల్పపీడనాలు మొదలు. హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. అరకు కొండల మీద చెట్లను ఎలా విరిచేసిందో మా వైపు వాళ్లెవరూ మర్చిపోలేదు. కాబట్టి అక్టోబరులో మా మన్యానికి రావాలంటే వాతావరణ శాఖ బులెటిన్ చూసుకునే బయల్దేరాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినబడితే వారం ఆగండి.

వంజంగిలో మబ్బు మన కాళ్ల కింద ఉండాలంటే మూడూ కుదరాలి: లోయలో తేమ, పైన తేటగా ఉన్న ఆకాశం, కదలని గాలి. మబ్బు లేని రాత్రి నేలలోని వేడి త్వరగా పైకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి కొండ వాలు మీంచి లోయలోకి జారుతుంది. అక్కడున్న తేమ తెల్లవారేసరికి పొగమంచై లోయంతా నిండుతుంది. అందుకని నేను చెప్పేది ఇదీ. వంజంగికి దగ్గర ఊరైన పాడేరులో దిగిన రోజు రాత్రి భోజనం చేసి ఒకసారి బయటికి వచ్చి తల పైకెత్తి చూడండి. చుక్కలు స్పష్టంగా కనబడితే అలారం పెట్టుకోండి. ఆకాశం మూసుకుని ఉంటే హాయిగా పడుకుని మర్నాడు చూసుకోండి. అంటే అక్కడ రెండు రాత్రులు ఉండేలా ప్లాన్ వేసుకోవాలి. ఒక్క రాత్రి ప్రయాణం పెట్టుకుంటే అంతా అదృష్టం మీదే ఆధారపడుతుంది, పిల్లల్ని అంత దూరం తీసుకొచ్చి అలా చేయకూడదు. నవంబరు నడిమి నుంచి జనవరి చివరి దాకా ఇలాంటి ఉదయాలు ఎక్కువ దొరుకుతాయి.

లంబసింగికి డిసెంబరు రెండో సగం, జనవరి మంచివి. అక్కడ హిమాలయాల్లోలాగా మంచు కురుస్తుందని పిల్లలకు చెప్పి తీసుకురావద్దు. ఉండేది పొగమంచు. బాగా చలి ముదిరిన తెల్లవారుజామున మాత్రం గడ్డి మీది బిందువులు పేరుకుని తెల్లగా మెరుస్తాయి. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తే అయినా, లోయలోకి దిగిన చలిగాలి అక్కడే నిలిచిపోవడం వల్ల అంత చలి. ఎండ ఎక్కేసరికి అంతా కరిగిపోతుంది. ఉదయం తొమ్మిదింటికి తీరిగ్గా దిగేవాళ్లకు అది మామూలు పల్లెటూరే. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా చింతపల్లి రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. సంక్రాంతి వెళ్లాక వారం మధ్యలో రండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. నవంబరు రెండో సగంలో వస్తే అరకు లోయ నిండా వలిసె పూలు ఉంటాయి. మడి తర్వాత మడి, కొండ అంచు దాకా పసుపే. చేను పక్కన నిలబడితే తేనెటీగల రొద వినిపిస్తుంది. అది నూనె గింజల పంట, గిరిజన రైతు కుటుంబానికి ఆదాయం. ఫొటోల కోసం చేలో దిగి తొక్కడం చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. గట్టు మీదే నిలబడండి. రైతు ఫొటోకు కొంత డబ్బు అడిగితే సంతోషంగా ఇవ్వండి. అప్పుడే కాఫీ తోటల్లో పళ్లు ఎర్రబడి ఉంటాయి, మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల కింద ఆడవాళ్లు వాటిని కోస్తూ కనబడతారు. విశాఖ నుంచి ఉదయం బయల్దేరే కిరండూల్ రైలెక్కండి. యాభైకి పైగా సొరంగాలు దాటుకుంటూ వెళ్తుంది, పిల్లలు కిటికీ వదలరు.

*

ప్రశ్న: కాలేజీ తెరిచేలోపు, అంటే జూన్ మొదటి రెండు వారాల్లో, స్నేహితులం బొగత జలపాతానికి వెళ్దామనుకుంటున్నాం. నీళ్లుంటాయా?
– ఓ విద్యార్థి, హనుమకొండ

జవాబు: నాయనా, మృగశిర కార్తె రాగానే జలపాతం దూకదు. తొలకరి వానలన్నీ ఎండిన నేలే తాగేస్తుంది. వాగుల్లోకి ధారాళంగా నీరు చేరాలంటే జులై రావాలి. ములుగు జిల్లా బొగతకైనా, ఆదిలాబాద్ వైపు కడెం మీదున్న కుంటాలకైనా జులై చివరి నుంచి సెప్టెంబరు దాకా సరైన కాలం. నన్నడిగితే సెప్టెంబరు. అడవి పచ్చగా ఉంటుంది, నీళ్లకు బురద రంగు తగ్గుతుంది, వానా తెరిపిస్తుంది. అదే చిత్తూరు వైపు తలకోనకు వెళ్లేవాళ్లు ఈ లెక్క వేసుకోకూడదు. అక్కడ ఈశాన్య రుతుపవనాల వాన ముఖ్యం కాబట్టి నవంబరు, డిసెంబరు చూసుకోవాలి.

మీరంతా కుర్రాళ్లు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. మీరు నిలబడ్డ చోట ఎండ కాస్తున్నా, పైన అడవిలో కురిసిన వాన గంటా రెండు గంటల తర్వాత మీ మీదికి రావచ్చు. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి ఎర్రబడితే, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తుంటే, హోరు పెరిగితే, సెల్ఫీ, బ్యాగు అన్నీ వదిలేసి గట్టెక్కండి. సిబ్బంది ఈలవేసి ఆపితే వాళ్లతో వాదించకండి. ఏటా వానాకాలంలో జలపాతాల దగ్గర పోయేవాళ్లలో ఎక్కువమంది మీ వయసువాళ్లే. చదివినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

*

ప్రశ్న: శ్రావణ మాసంలో రాజమహేంద్రవరంలో పెళ్లి ఉంది. పనిలో పనిగా పాపికొండల బోటు ప్రయాణం కూడా చేద్దామని మా ఆవిడ పట్టు.
– ఓ విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఆవిడగారికి నా మాటగా చెప్పండి, కార్తికం దాకా ఆగమనండి. జులై, ఆగస్టుల్లో గోదావరి మన దగ్గర పడ్డ వానతో పొంగదు. మహారాష్ట్రలో, ప్రాణహిత, ఇంద్రావతి పరీవాహకంలో కురిసిందంతా భద్రాచలం మీంచి దిగుతుంది. అక్కడ నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. ఇలాంటి రోజుల్లో బోట్లు ఆపేస్తారు, ఆపాల్సిందే. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన ఘోరం వరదలోనే జరిగింది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నది నెమ్మదిస్తుంది, కొండల నీడ నీళ్లలో కనబడుతుంది. అప్పుడు కూడా లైఫ్ జాకెట్ ఇవ్వని బోటు ఎక్కకండి.

పెళ్లికి ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి ఒక సాయంత్రం ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరికి వెళ్లండి. ఎర్రమట్టి రంగు నీళ్లు గేట్ల కింది నుంచి ఎగదన్నుతూ వస్తాయి. ఆ దృశ్యం కార్తికంలో దొరకదు.

*

ప్రశ్న: మే నెలలో అమ్మానాన్నలతో చల్లటి చోటికి వెళ్లాలి. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. అరకా, ఊటీయా?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అరకులో కూడా మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. ప్రతి వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీల చొప్పున చల్లబడుతుందని లెక్క వేసుకోండి. అరకు సుమారు 900 మీటర్లు, ఊటీ 2,200 పైన. తేడా మీకే తెలుస్తుంది. ఊటీకి, కొడైకెనాల్‌కు సొంత బండిలో వెళ్లేవాళ్లకు 2024 మే నుంచి ఈ-పాస్, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి, పెట్టారు, ముందే తీసుకోండి. పెద్దవాళ్లు రద్దీలో ఇబ్బంది పడతారనుకుంటే ఊటీ దగ్గరి కూనూరులో దిగండి. అంత దూరం వద్దంటే మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ ఉంది, కారు పైదాకా వెళ్తుంది.

*

ప్రశ్న: పిల్లల స్కూలు సెలవులు జూన్, జులైల్లోనే. ఇండియా వచ్చినప్పుడు మనాలి చూపిద్దామనుకుంటున్నాం.
– ఓ తెలుగు కుటుంబం, డల్లాస్

జవాబు: జులైలో మనాలి వద్దు. 2023 జులైలో బియాస్ నది రోడ్లనే కోసేసింది, ఆ నెలలో హిమాచల్, ఉత్తరాఖండ్ కొండలు విరిగిపడటం మామూలే. ఆ కొండలే చూడాలంటే జూన్ మొదటి పదిహేను రోజుల్లో వెళ్లి వచ్చేయండి. జులైలో హిమాలయాలంటే లద్దాఖ్, అది వాననీడ ప్రాంతం, అంటే కొండలు అడ్డుపడి వానమబ్బులు అంతగా చేరని చోటు. కానీ లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. విమానం దిగిన మొదటి రెండు రోజులు గదిలోనే విశ్రాంతి తీసుకోవాలి, గుండె, ఊపిరితిత్తుల జబ్బున్న తాతయ్యలను తీసుకెళ్లవద్దు.

ఒకసారి డిసెంబరు సెలవులకు వచ్చి చూడండి. గండికోటలో పెన్నా లోయ అంచున రాళ్ల మీద కూర్చోగలిగేది ఆ నెలల్లోనే, వేసవిలో ఆ బండలు కాలిపోతుంటాయి. అక్కడి నుంచి నేలపట్టుకు వెళ్తే చెట్ల మీద గూళ్లు కట్టిన గూడబాతులను పిల్లలు దగ్గర్నుంచి చూస్తారు, పక్కనే పులికాట్‌లో రాజహంసలు. బైనాక్యులర్స్ డల్లాస్ నుంచే తెచ్చుకోండి, పిల్లలకు చెరొకటి ఉండేలా.