కూర్చోవడం కుదిరాక చేతుల సంగతి

అల్లుడూ,

వీడియోలు చూసి ధ్యానంలో చేతివేళ్లతో పట్టే ముద్రలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నావు, వాటిలో ఏది పడితే మనసు నిలుస్తుందని అడిగావు. పావుగంటకే నడుం లాగేస్తోందనీ, ఎడమ కాలు తిమ్మిరెక్కుతోందనీ చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశావు. నాకు అసలు సంగతి అదే అనిపించింది. నడుం లాగుతుంటే వేళ్లు ఎలా కలిపినా ధ్యాసంతా నడుం మీదే ఉంటుంది.

నువ్వు పంపిన ఫొటోలో మోకాళ్లు రెండూ గాల్లో లేచి ఉన్నాయి. రోజంతా ఆఫీసు కుర్చీలో ఉండేవాళ్లకి తుంటి కీళ్లు బిగుసుకుపోతాయి. అలాంటప్పుడు ఉత్త నేల మీద బాసింపట్టు వేస్తే తుంటి వెనక్కి వాలిపోయి, నడుం గూనిలా వంగుతుంది. దాన్ని బలవంతంగా నిలబెట్టబోతే పావుగంటకి కండరాలు అలిసిపోవూ మరి! రాయగడ చలికి నీ దగ్గర కంబళి ఉండే ఉంటుంది. దాన్ని మడిచి మూడు నాలుగు అంగుళాల ఎత్తు చేసి, దాని ముందంచు మీద కూర్చో. కాళ్లు మాత్రం నేల మీదే ఉండాలి. మోకాళ్లు తుంటి కంటే కిందికి దిగితే వెన్ను పెద్దగా కష్టపడకుండానే నిలుస్తుంది. ఇక్కడ బరంపురంలో పట్టు నేసేవాళ్లు గుంట మగ్గం దగ్గర కూర్చోవడం చూశావుగా, కాళ్లు గుంటలోకి, తుంటి పైన. నీకు కావలసిన ఎత్తుపల్లం అదే. వాళ్లు ముందుకు వంగి నెయ్యాలి, నీకు ఆ బాధ లేదు.

పద్మాసనం జోలికి ఇప్పుడే పోకు. కాలు తిరగాల్సింది తుంటి దగ్గర. అక్కడ తిరగనప్పుడు చేత్తో పాదాన్ని లాగి తొడ మీద పెడితే ఆ మెలి మోకాలికి పడుతుంది. మోకాలు ప్రధానంగా ముడవడానికీ చాపడానికీ ఉన్న కీలు, మెలి దానికి పడదు. తిమ్మిరికి కారణం చాలాసార్లు నరం నొక్కుకోవడమే. కాలు మార్చుకో, తిమ్మిరి పోయేదాకా లేచి నడవకు. మోకాలు పోటెత్తితే మాత్రం ఆ రోజుకి ఆపెయ్.

గీత ఆరో అధ్యాయంలో ఆసనం మరీ ఎత్తూ మరీ పల్లమూ కాకూడదనీ, ఒళ్లూ మెడా తలా సమంగా ఉండాలనీ చెప్పారు. అక్కడ వేళ్ల ప్రస్తావనే లేదు. యోగసూత్రాలు రాసిన పతంజలి ఆసనం గురించి చెప్పినవి మూడే సూత్రాలు. మొదటిది ‘స్థిరసుఖమాసనమ్’, అంటే కదలకుండా, సుఖంగా ఉండేదే ఆసనం అని. వాటిలోనూ చేతుల ఊసు లేదు. అలాగని ముద్ర దండగ అనను. దాని పని చిన్నది, అంతే.

చేతులకి బరువుంది కదా, వాటికి ఆనుడు లేకపోతే భుజాలు కిందికి లాగుతాయి. చిన్ముద్ర, అంటే బొటనవేలూ చూపుడువేలూ కొనలు కలిపి పట్టి, చేతులు మోకాళ్ల దాకా చాపితే నీలాంటి పొట్టి చేతులవాడు ముందుకి వంగిపోతాడు. తొడల మధ్యలోనే ఆనించుకో. నన్నడిగితే నీకు ధ్యానముద్ర మేలు: ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి, బొటనవేళ్ల కొనలు తగిలీ తగలనట్టు. నిద్ర ముంచుకొస్తే వేళ్లు విడిపోతాయి, టెన్షన్ పడితే ఒకదాన్నొకటి నొక్కుతాయి. కళ్లు తెరవకుండానే నీ సంగతి నీకు తెలిసిపోతుంది. చేతుల కింద మడిచిన తువాలు పెట్టుకుంటే భుజాలు ఇంకా తేలికపడతాయి.

మన ఒడిశాలోని బౌద్ధక్షేత్రం రత్నగిరి వెళ్లినవాళ్లు అక్కడి బుద్ధుడిలా కుడి చెయ్యి మోకాలి మీంచి నేలకి ఆనించి ఫొటోలు దిగుతారు. అది భూస్పర్శ ముద్ర, జ్ఞానోదయం వేళ బుద్ధుడు భూమిని సాక్షిగా పిలిచిన ఘట్టం. విగ్రహానికి బాగుంటుంది గానీ, నువ్వు అరగంట అలా కూర్చుంటే కుడి భుజం జారి వెన్ను పక్కకి ఒరిగిపోతుంది. ఫలానా వేలు కలిపితే షుగర్ తగ్గుతుందనే వీడియోల జోలికి పోకు, మందులు మాత్రం మానకు.

వదిన కూడా కూర్చుంటానంటోందటగా. మోకాళ్లు అరిగిన మనిషిని నేల మీద కూలేయకు. చేతుల్లేని చెక్క కుర్చీ వేసి, వీపు వెనక్కి ఆనకుండా కాస్త ముందుకి జరిగి కూర్చోమను. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, అందకపోతే కింద పీట వెయ్యి.

మీ అత్త