మందుకీ పురుగుకీ మధ్య ఒక్క నీటి అణువు

ప్రశ్న: మాది పత్తి చేను, పచ్చదోమకి, పేనుబంకకి ఇమిడాక్లోప్రిడ్ కొడుతుంటాం. అది పురుగు నరాల్లో తాళంలో తాళంచెవి పడ్డట్టు పడుతుందని ఏజీ బీఎస్సీ చదివే మా తమ్ముడు చెప్పాడు, మధ్యలో నీళ్ళు కూడా ఉంటాయంటాడు. ట్యాంకులో కలిపే నీళ్ళేనా?
- ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ట్యాంకు నీళ్ళు కాదండీ, వాటి పని మందుని ఆకు దాకా చేర్చడం వరకే. తమ్ముడు చెప్పేది పురుగు ఒంట్లో ఉండే నీటి గురించి, అదీ ఒకే ఒక్క అణువు.

పురుగు నరాల్లో ఒక నరం నుంచి ఇంకో నరానికి కబురు మోసే ఎసిటైల్‌కొలిన్ వచ్చి కూర్చునే రిసెప్టర్ అనే ప్రోటీన్ ఉంటుంది, మన మందు వెళ్ళి ఆ సీట్లో కూర్చుంటుంది, ఎసిటైల్‌కొలిన్‌నైతే ఎంజైమ్ వెంటనే ముక్కలు చేసేస్తుంది గానీ దీన్ని చెయ్యలేదు, దాంతో నరం ఆగకుండా కొట్టుకుని పురుగు వణికి వణికి చస్తుంది. మందుకి ఒక చివర క్లోరిన్ తగిలించిన రింగు, ఆ రింగులో ఒక నైట్రోజన్. అది రిసెప్టర్ గోడని నేరుగా అందుకోలేదు. ఆ సందులోకి నీటి అణువు దూరి ఒక చేత్తో మందుని, ఇంకో చేత్తో గోడని పట్టుకుంటుంది. ఒక్కో పట్టు పొడవు ఎంతంటే, మిల్లీమీటర్‌ని కోటి ముక్కలు చేస్తే అందులో సుమారు మూడు ముక్కలు! నాకైతే తాళంచెవి కన్నా గొడ్డలి కామ వదులైతే చీల కొట్టి బిగించడమే గుర్తొస్తుంది.

పురుగు రిసెప్టర్‌ని స్ఫటికంగా మార్చడం కష్టం కాబట్టి దాన్ని పోలిన నత్త జాతి జీవుల ప్రోటీన్‌లో ఈ మందుని పెట్టి ఎక్స్‌రేలతో చూశారు, 2008లో వచ్చాయి ఆ వివరాలు. తమాషా ఏంటంటే పొగాకు కషాయంలో ఉండే నికోటిన్ కూడా ఇలాంటి నీటి అణువునే పట్టుకుంటుంది, అది మనుషులకీ విషమే కదా. అంటే ఇమిడాక్లోప్రిడ్ పురుగునే ఎక్కువగా పట్టుకోవడానికి కారణం నీళ్ళు కాదు, రెండో చివరన ఉన్న నైట్రో గుంపు, అంటే నైట్రోజన్, ఆక్సిజన్ కలిసిన ముక్క. ప్రోటీన్ గొలుసులో ఒక్కో పూసని అమైనో ఆమ్లం అంటారు, ఆ గుంపుని లాగే పాజిటివ్ చార్జ్ ఉన్న అమైనో ఆమ్లం, ఆర్జినిన్, పురుగు రిసెప్టర్‌లో ఉంటుంది, మన దాంట్లో ఆ చోట ఉండదు.

కొన్ని పేనుబంకల్లో సరిగ్గా అక్కడే, గొలుసులో 81వ స్థానంలో, ఆ ఆర్జినిన్ పోయి చార్జ్ లేని థ్రియోనిన్ వచ్చింది. ఇక ఇటుపక్క నీటి అణువు ఎంత గట్టిగా పట్టుకున్నా మందు నిలవదు. మీ చేలో అలాంటి రకం ఉంటే డోసు పెంచి డబ్బు పోగొట్టుకోవద్దు, వేరే గ్రూపు మందుకి మారండి.