టెక్ సందేహాలు: టవరు మీద డబ్బా, రౌటర్‌కి ఎనిమిది కొమ్ములు

ప్రశ్న: మా ఎదురు బిల్డింగ్ మీది టవరుకి ఇదివరకు పొడుగాటి యాంటెనాలే ఉండేవి. 5జీ వచ్చాక పక్కనే పొట్టిగా, లావుగా డబ్బాలు బిగించారు. ఒక్కో దాంట్లో 64 యాంటెనాలు ఉంటాయట, మా అబ్బాయి చెప్పాడు. అన్ని యాంటెనాలంటే అంత రేడియేషనేనా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: మీ అబ్బాయి తక్కువే చెప్పాడండీ. అలాంటి చాలా డబ్బాల్లో 192 దాకా ఉంటాయి. 64 అన్నది వాటిని నడిపే ట్రాన్స్‌మిటర్ల లెక్క. మన దగ్గర 5జీ ఎక్కువగా నడిచే 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. యాంటెనాకీ యాంటెనాకీ మధ్య దాదాపు అందులో సగం ఎడం ఉంటే చాలు. అందుకే ఆ కాస్త డబ్బాలో అన్ని పట్టాయి.

ఇవన్నీ ఒకే సిగ్నల్‌ని రవ్వంత ముందూ వెనకగా పంపుతాయి. బీచ్‌లో రెండు అలలు కలిసినచోట నీళ్లు ఎగిసిపడ్డట్టు, ఆ తరంగాలు ఒక దిక్కున కలిసి బలపడతాయి, మిగతా దిక్కుల్లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. డబ్బా కదలదు, సిగ్నల్ మాత్రం మీ వైపు తిరుగుతుంది.

మీరెక్కడున్నారో టవరుకెలా తెలుసు? జీపీఎస్‌తో కాదు. మీ ఫోన్ సెకనుకి ఎన్నోసార్లు చిన్న పరీక్ష సిగ్నల్ పంపుతూ ఉంటుంది. అది ఏ యాంటెనాకి ఎంత తేడాతో చేరిందో చూసుకుని, ఆ తేడాలనే తిరగేసి పంపితే సిగ్నల్ వచ్చిన దారినే వెనక్కి వెళుతుంది. ఈ 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండులో పంపడానికీ అందుకోవడానికీ ఒకే ఫ్రీక్వెన్సీని వంతులవారీగా వాడతారు కాబట్టే ఇది ఇంత సులువుగా కుదిరింది.

సూత్రం పాతదే. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1905లోనే మూడు యాంటెనాలతో సిగ్నల్ దిశ మార్చి చూపించాడు. మన ఊరి పేరు పెట్టుకుని 2021లో నౌకాదళంలో చేరిన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ విశాఖపట్నం మీద ప్రధాన రాడార్ కూడా ఇదే బాపతు. గిర్రున తిరగదు, నాలుగు పక్కలా నాలుగు పలకలు. ఫోన్ టవరు మీద పదుల కొద్దీ యాంటెనాలు పెట్టాలన్న ఆలోచన ఊపందుకున్నది మాత్రం 2010లో, అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో థామస్ మార్జెటా రాసిన పరిశోధన పత్రంతో.

విశాఖ లాంటి ఊరికి ఇది బాగా పనికొస్తుంది. పాత యాంటెనాకి ఒక వంపు పెడితే అందరికీ అదే వంపు. ఈ డబ్బా అడ్డంగానే కాదు, నిలువుగా కూడా దిశ మారుస్తుంది. కొండవాలు మీది ఇంటికొకలా, మధురవాడలో పదిహేనో అంతస్తుకొకలా. బీచ్ రోడ్డు పొడుగునా జనం ఉంటే వేర్వేరు దిక్కుల వాళ్లకి ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకేసారి డేటా ఇవ్వగలదు. అయితే కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర క్యూలో గుంపుగా నిలబడ్డవాళ్లంతా టవరుకి ఒకే దిక్కు. అక్కడ ఈ కిటుకు పెద్దగా పారదు, స్పీడు పంచుకోవాల్సిందే.

ఇక మీ టెన్షన్ సంగతి. ట్రాన్స్‌మిటర్లు ఎన్నున్నా ఉన్న పవర్నే పంచుకుంటాయి. మీ ఇంట్లో డేటా వాడుతున్న క్షణాల్లో సిగ్నల్ మీ వైపు ఎక్కువే వస్తుంది, కాదనను. కానీ పాత యాంటెనాలా రోజంతా ఒకే వైపు గురిపెట్టి ఉండదు. పైగా టవర్ల రేడియేషన్ అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు దాటకూడదని మన దేశంలో 2012 సెప్టెంబరులోనే నిబంధన పెట్టారు. అయినా మనసు ఒప్పకపోతే టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ చుట్టుపక్కల టవర్ల వివరాలు చూడండి. రుసుము కట్టి కొలతలు కూడా తీయించుకోవచ్చు.

ప్రశ్న: రెండంతస్తుల ఇల్లు. పైగదిలో వైఫై సరిగ్గా రాదు. ఎనిమిది యాంటెనాల రౌటర్ కొనమంటున్నాడు షాపతను. కొనేదా?
– ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: కొమ్ములు చూసి కొనొద్దు. మీ ఫోన్‌లో వైఫైకి మామూలుగా రెండే యాంటెనాలు ఉంటాయి, అంటే ఒకేసారి రెండు డేటా ధారలకి మించి తీసుకోలేదు. రౌటర్‌కి అదనంగా ఉన్నవి పట్టు కాస్త పెంచుతాయి, నాలుగైదు ఫోన్లు ఒకేసారి వాడితే అక్కరకొస్తాయి. అంతేగానీ స్లాబు దూరి పైకి రావు.

ముందు ఖర్చులేని పని చేయండి. చాలామంది కొమ్ములన్నిటినీ పైకి, సరిగ్గా గది వైపే గురిపెడతారు. కొమ్ము కొసనుంచి వచ్చే సిగ్నలే అన్నిటికంటే బలహీనం, బలమంతా దాని పక్కలకి. పై అంతస్తుకి కావాలంటే ఒకటి రెండు కొమ్ములు అడ్డంగా పడుకోబెట్టండి. రౌటర్ టీవీ వెనకో, ఇనుప బీరువా పక్కనో ఉంటే ఇవతలికి తీయండి. అప్పటికీ రాకపోతే లాన్ కేబుల్ ఒకటి పైకి లాగి అక్కడ ఇంకో చిన్న రౌటర్ పెట్టండి. ఎనిమిది కొమ్ముల దానికంటే మామూలుగా చవకలోనే తేలిపోతుంది.

ప్రశ్న: మాది యారాడ. ఊళ్లో టవర్లన్నిటికీ కొత్త యాంటెనాలు పెడితే డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి మాకూ 5జీ వస్తుందా?

జవాబు: రాదు. యాంటెనాలు ఎన్ని పెట్టినా కొండని తొలుచుకుని రావు. కొండకి మీ వైపు టవరు పడాల్సిందే. ఈలోగా ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి, కాల్స్ బాధ తీరుతుంది.

ప్రశ్న: గేమ్ ఆడేటప్పుడే నా ఫోన్‌లో సిగ్నల్ గీతలు పడిపోతున్నాయి. వెనక స్టీల్ రింగు పెట్టుకున్నాను. ఫోన్ పాడైందా?

జవాబు: లోహపు ఫ్రేము ఉన్న ఫోన్ అయితే అంచుల్లో సన్నటి ప్లాస్టిక్ గీతలు చూడండి. అవి అందానికి పెట్టినవి కావు. వాటి మధ్యనున్న లోహపు ముక్కలే యాంటెనాలు. ఫోన్ అడ్డంగా పట్టుకుంటే రెండు చేతులూ సరిగ్గా వాటి మీదే పడతాయి, మీ స్టీల్ రింగు వెనక నుంచి ఇంకాస్త అడ్డం. సర్వీస్ సెంటర్‌కి వెళ్లేముందు రింగు తీసేసి, వేళ్లు మూలల నుంచి ఇవతలికి జరిపి ఒక గేమ్ ఆడి చూడండి.