వాడకంలోకి రాని పాత అమెరికన్ పెన్నీలను (ఒక సెంటు నాణేలను) ఎలా పరిశీలించాలి, ఎలా దాచాలి?

ముందు చేయకూడనిది: తోమడం. రాగి అసలు మెరుపు ఒకసారి పోతే మళ్లీ రాదు. తోమిన నాణేన్ని అనుభవమున్న కలెక్టర్ ఇట్టే పట్టేస్తాడు.

మెత్తటి గుడ్డ పరిచి, అంచులు మాత్రమే పట్టుకోండి. వేలిముద్ర పడితే కొన్నాళ్లకు అది మచ్చగా మిగిలిపోతుంది. ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా వంచుతూ చూస్తే, వాడనిదైతే వెలుగు చక్రంలా తిరుగుతుంది. తర్వాత భూతద్దంతో నాణెం మీది లింకన్ బొమ్మలో చెంప ఎముక, దవడ చూడండి. 1909–1958 మధ్య నాణేలైతే వెనకవైపు గోధుమ కంకుల గీతలు కూడా. అరుగుదల అక్కడే మొదలవుతుంది. సంచుల్లో ఒరుసుకున్న గీతలు వేరు, వాటిని చూసి కంగారుపడొద్దు.

1943లో పెన్నీలను దాదాపు అన్నీ ఉక్కుతోనే చేశారు. మీ 1943 పెన్నీ రాగిరంగులో ఉందా? అయస్కాంతానికి అంటుకుంటే అది రాగిపూత పూసిన ఉక్కు నాణెమే. 1982లో రెండు రకాలూ వచ్చాయి: 3.11 గ్రాములుంటే రాగి మిశ్రమం, 2.5 అయితే రాగిపూత జింక్.

దాచేటప్పుడు మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, ఆకుపచ్చ జిగురు పడుతుంది. మైలార్ ఫ్లిప్‌లు (పీవీసీ లేని పారదర్శక ప్లాస్టిక్ మడత కవర్లు) లేదా గట్టి ప్లాస్టిక్ క్యాప్సూళ్లు వాడండి, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పెట్టండి. సిలికా జెల్‌ను అప్పుడప్పుడు మార్చాలి.