అహోబిలం ఎక్కబోయే అల్లుడికి

ప్రొద్దుటూరు

అల్లుడూ,

నువ్వు పంపిన ప్లాన్ చూసినా. శనివారం పొద్దున అహోబిలం, మధ్యాహ్నం యాగంటి, సాయంత్రం బెలుం గుహలు, ఆదివారం గండికోట, రాత్రికి బెంగళూరు. ఫోన్లో ఊరికీ ఊరికీ మధ్య దూరాలు చూసి కూడినట్టుంది. కార్లో తిరిగి ఫోటోలు తీసుకునేదానికైతే సరిపోతుంది. కొండ ఎక్కాల, అడవి చూడాల అంటున్నారు కదా, మరి ఎక్కేది ఎప్పుడు?

నల్లమలలో కిలోమీటర్ల లెక్క చెల్లదు. గంటల లెక్క వేసుకో. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి దగ్గరికి సుమారు నాలుగు కిలోమీటర్లంటారు. మీ పార్కులో ఆ దూరం ముప్పావుగంట పని. ఇక్కడ మీ వయసోళ్లకే పోయేదానికి రెండు గంటలు పెట్టుకోవాల. మీ బెంగళూరు దగ్గరి నంది కొండకు పోయొచ్చినాం మామా అంటావేమో, అక్కడ బండి పైదాకా పోతుంది.

అందుకని యాగంటి, బెలుం రెండూ కొట్టేయి. యాగంటి బనగానపల్లె దగ్గర, మీ దారికి పూర్తిగా పక్కకు. బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది కిలోమీటరున్నర దాకా. లోపల ఉక్క. పొద్దంతా కొండెక్కిన కాళ్లతో ఆ మెట్లు దిగి చెమటలు కార్చుకోవడం దేనికి? తాడిపత్రి మీదుగా వచ్చినప్పుడు తీరుబడిగా చూడండి.

ఇక తేదీ. నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. వానలప్పుడు భవనాశిని పారుతుంటే చూడ్డానికి బాగుంటుంది గానీ దారి ఆ వాగు వెంబడే, దాన్ని దాటుతూ పోవాల. నీళ్లకు అరిగి నున్నగైన రాళ్లు, మీద పాచి. మార్చి దాటితే రాయి కాలుతుంది. తేదీ ఖాయం చేసుకునే ముందు క్యాలెండర్లో స్వాతి నక్షత్రం ఎప్పుడొచ్చిందో చూడు. నరసింహస్వామి నక్షత్రం గదా, ఆరోజు కొండంతా జనమే. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడూ అంతే. భక్తికి వచ్చేవాళ్లకు ఆ రోజులే పండగ, నడకకు వచ్చేవాళ్లకు కాదు.

శుక్రవారం రాత్రికే దిగువ అహోబిలం చేరండి. కదిరి, పులివెందుల, ప్రొద్దుటూరు, మైదుకూరు మీదుగా ఆళ్లగడ్డ, అక్కడి నుంచి పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. 2022 నుంచి అది నంద్యాల జిల్లా, మా నోట్లో ఇంకా కర్నూలు జిల్లానే. టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, సత్రాలు ఉన్నాయి, రూములు ముందే మాట్లాడుకో. ఆళ్లగడ్డలోనే పెట్రోలు, మందులు, చేతిలోకి డబ్బు, అన్నీ చూసుకోండి. అడవిలో సిగ్నల్ వస్తే అదృష్టం, ఫోన్‌పే నమ్ముకుని పోవద్దు.

శనివారం పొద్దున ఆరుకల్లా ఎగువ అహోబిలంలో నడక మొదలుపెట్టాల. దిగువ నుంచి ఎనిమిది కిలోమీటర్లు, అంతదూరం బండి పోతుంది. ఎగువ స్వామి దర్శనం దిగొచ్చినాక చేసుకోవచ్చు, మధ్యాహ్నం తలుపులు ఎప్పుడు వేస్తారో మాత్రం ముందే అడిగిపెట్టుకో. తలా ఒక కర్ర తీసుకోండి. సిగ్గుపడే పని లేదు, ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. ముందు వాగు ఒడ్డున క్రోడ నరసింహుడు, ఆయన్నే వరాహ స్వామి అంటారు. అక్కడిదాకా అందరూ నవ్వుకుంటూ వస్తారు. ఆ తర్వాత రాళ్లు, మెట్లు, మళ్లీ రాళ్లు. మాటలు తగ్గుతాయి.

జ్వాలా నరసింహుని దగ్గర పడే చివరి మలుపు కోసమే ఇంత కష్టం. ఒకపక్క నిట్టనిలువు బండ, ఇంకోపక్క లోయ, నడుమ సన్నటి దారి. ఎండాకాలం కాకపోతే పైనుంచి బండ అంచు మీదుగా నీళ్లు చినుకుల్లాగా దారి మీదే పడుతుంటాయి. ఫోన్లు కవర్లో పెట్టుకోమని అందరికీ చెప్పు. తలెత్తి చూస్తే ఆ బండ పొరలు పొరలుగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. గుడి లోపల హిరణ్యకశిపుని ఒళ్లో వేసుకుని చీలుస్తున్న స్వామి. పక్కన రక్తకుండం, స్వామి చేతులు కడుక్కున్నాడని చెప్పే గుంట. అక్కడ అరగంట కూర్చోండి. సెల్ఫీ తీసుకుని వెనక్కి తిరిగే జాగా కాదది.

ఉగ్రస్తంభం సంగతి. మీ గుంపులో నలుగురికి అదే మోజు అని తెలుసు. హిరణ్యకశిపుని మేడ స్తంభం అదేనని, స్వామి వెలసింది అందులోంచేనని నమ్మకం. దూరం నుంచి చూస్తే కొండను నిలువునా చీల్చినట్టే ఉంటుంది. దారి నిటారు, జారుడు రాళ్లు, చేతులు కూడా వాడాల. తెలిసిన మనిషి లేకుండా పోవద్దు. ఎగువ అహోబిలంలోనే దొరుకుతారు, రేటు ముందే మాట్లాడుకో. నా షరతు ఒకటి: తొమ్మిదిన్నరకు జ్వాలా నరసింహుని దగ్గర లేకపోతే స్తంభం ఆరోజుకు మర్చిపోండి. మిట్టమధ్యాహ్నం ఖాళీ బాటిళ్లతో బండ మీద కూలబడి, కింద నుంచి వచ్చేవాళ్లను నీళ్లడిగే పిల్లోళ్లను ఎంతమందినో చూసినా. మబ్బు పట్టినా అంతే, వెనక్కి రండి. మనిషికి రెండు లీటర్లు, స్తంభం ఎక్కేవాళ్లకు మూడు. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగైదు వేసుకో. చీకటి పడకముందే కిందికి రావాల, ఎలుగుబంట్లున్న అడవి, మాటలు కాదు.

దిగేటప్పుడు పక్కదారిలో మాలోల నరసింహుడు. లక్ష్మీదేవితో కూర్చున్న శాంతమూర్తి. అలసిపోయినాం మామా అని వదిలేసి రావద్దు, పైన ఆ ఉగ్రరూపం చూసినాక ఇది చూడాల.

కొత్త బూట్లు కొనుక్కోవద్దు. పాతవే, అడుగు అరగనివి వేసుకో. ప్రతి గుడి దగ్గరా విప్పాల కాబట్టి ఊరికే విప్పి తొడిగేట్టుండాల. తిండికి పులిహోర, బొరుగులు, వేరుశనక్కాయలు చాలు. అరటిపండ్లు, పాలిథిన్ కవర్లు చేతిలో పట్టుకుని నడవద్దు. అక్కడి కోతులకు కవరు గరగర చాలు, చెట్టు దిగి వచ్చి లాక్కుంటాయి. అన్నీ బ్యాగులో, జిప్పు వేసి, వీపున. చెత్త మళ్లీ కిందికి తెచ్చుకోండి.

ఇక మీ అమ్మ. అక్క నేనూ వస్తానంటుంది, నువ్వు కాదనలేవు, నాకు తెలుసు. ఆ మోకాళ్లతో జ్వాలాకు వద్దు. డోలీ మోసేవాళ్లు ఉన్నారు గానీ ఆమె ఎక్కదు, ఇంకొకరి భుజాల మీద దేవుని దగ్గరికి నేనొస్తానా అంటుంది. ఆమెకు దిగువన ప్రహ్లాదవరద స్వామి గుడి చూపించు, మండపం స్తంభాల మీద బొమ్మలు చూస్తూ సగం పూట గడిపేస్తుంది. ఛత్రవట, యోగానంద నరసింహుల గుళ్లు దగ్గర్లోనే, బండిలో పోవచ్చు. మీ అత్తను తోడు పంపిస్తా. పావన నరసింహుని దగ్గరికి జీపులు పోతాయని ఎవరైనా చెప్తే నమ్మి ఎక్కించవద్దు. జీపు పోతుంది నిజమే, ఆ అడవి దారి కుదుపులకు నడుం నిలవదు. చెంచులు కొలిచే స్వామి, నువ్వు మాత్రం ఇంకోసారి తప్పకుండా పో.

శనివారం మధ్యాహ్నం మూడింటికి బయల్దేరితే చీకటి పడేలోపు ప్రొద్దుటూరులో మన ఇంట్లో ఉంటారు. రాత్రి ఇక్కడే పడుకోండి. గండికోటలో టెంట్లు వేసిస్తున్నారంట, మీ వయసుకు బాగానే ఉంటుంది, కానీ ఆరోజు కాదు. ఆదివారం నాలుగింటికి లేస్తే జమ్మలమడుగు మీదుగా గంటలో కోటలో ఉంటారు. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన లోయ, పొద్దు పొడిచే వేళకు ఎర్రరాయి రంగు మారుతూ పోతుంది. చాలాచోట్ల కంచె లేదు, గాలి తోస్తుంది. అంచున కాళ్లు వేలాడేసుకుని ఫోటోలు దిగేవాళ్లను నువ్వే గట్టిగా తిట్టు. ఎండెక్కినాక మాధవరాయ స్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూసి, ముద్దనూరు మీదుగా పులివెందుల రోడ్డు పట్టుకుంటే చీకటికల్లా బెంగళూరు.

బుధవారంలోపు ఎంతమంది వస్తారో ఖాయంగా చెప్పు. శనివారం రాత్రికి రాగిసంగటి, నాటుకోడి, ఊరుబిండి పచ్చడి అనుకుంటోంది మీ అత్త. మీలో శనివారం నీచు తిననోళ్లు ఎవరెవరో కూడా చెప్పు, వాళ్లకు పప్పు, వంకాయ చేస్తుంది.

ఇట్లు,
మీ మామ